పెళ్లి సంబంధం ముందు ఇస్తిఖారా: తరచుగా అడిగే ప్రశ్నలు

సంబంధం దాదాపు కుదిరే దాకా వస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "ఇస్తిఖారా చేశారా?" అంటారు. మేలైనది ఎంచిపెట్టమని అల్లాహ్‌ను అడిగే చిన్న నమాజు, దుఆ (వేడుకోలు) అది. ఇక అక్కడి నుంచి సందేహాలే. కల రాలేదే! వచ్చిన కలకు అర్థమేమిటి? ఏడు రాత్రులు చేయాలటగా? పిన్ని చేస్తే చాలదా? ఇలా అడిగేవాళ్లలో చాలామంది ఇస్తిఖారాను సోదె అడగడం లాంటిదే అనుకుంటున్నారని నాకు అనిపిస్తుంది. అందుకే సమాధానాలు కొన్ని చోట్ల కాస్త పొడుగ్గా ఉంటాయి. ఒక వాక్యం సరిపోయే చోట ఒక వాక్యమే రాశాను.

ఇస్తిఖారా అనే మాటకు అర్థం ఏమిటి?

'ఖైర్' అంటే మేలు. ఆ ధాతువు నుంచే ఇస్తిఖారా పుట్టింది. నాకు ఏది మేలో దాన్ని నువ్వే ఎంచిపెట్టమని అల్లాహ్‌ను కోరడం. 'చూపించు' అనే అర్థం ఆ మాటలో లేదు, 'ఎంచిపెట్టు' అనే ఉంది. ఈ తేడా పట్టుబడితే కింది ప్రశ్నల్లో సగం అడగనక్కర్లేదు.

ఇస్లాంకు ముందు అరబ్బులు ప్రయాణమైనా పెళ్లయినా బాణాలతో శకునం చూసేవారు. ఒక బాణం మీద 'చెయ్యి' అనీ, ఇంకోదాని మీద 'వద్దు' అనీ ఉండేది. మూడోది ఖాళీ. అది వస్తే మళ్లీ తీయడమే. పక్షి కుడికి ఎగిరిందా ఎడమకు ఎగిరిందా అని చూడటం సరేసరి. ఖుర్ఆన్ ఆ బాణాల పద్ధతిని రెండు చోట్ల (5:3, 5:90) నిషేధించింది. శకునాలకు బదులుగా ముస్లింలకు దొరికిందే ఈ నమాజు, ఈ దుఆ అని మధ్యయుగపు ఇస్లామీ విద్వాంసుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ రాశారు. మరి శకునాన్ని తీసేసి ఇచ్చిన దానిలోనే మళ్లీ శకునం వెతకడం ఏం సబబు?

దీనికి ఆధారం ఏ హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం)?

ప్రవక్త సహచరుడు జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన హదీసు. ('రజి' సహచరుల పేర్ల పక్కన, 'స' ప్రవక్త పేరు పక్కన గౌరవంగా రాసే దుఆలకు పొట్టి రూపాలు.) దైవప్రవక్త (స) మాకు ఖుర్ఆన్ సూరా (అధ్యాయం) నేర్పినట్టే అన్ని వ్యవహారాల్లోనూ ఇస్తిఖారా నేర్పేవారు అని ఆయన మొదలుపెడతారు. మీలో ఎవరైనా ఒక పని తలపెట్టినప్పుడు ఫర్జ్ (తప్పనిసరి) కాని రెండు రకాతులు (నమాజులోని ఆవృత్తులు) చదివి, తర్వాత ఈ దుఆ చేయాలి అని ప్రవక్త మాట. ప్రామాణిక హదీసు సంకలనమైన సహీహ్ బుఖారీలో ఈ హదీసు మూడు చోట్ల కనిపిస్తుంది: రాత్రి నమాజుల అధ్యాయంలో, దుఆల అధ్యాయంలో, తౌహీద్ (ఏకదైవత్వం) అధ్యాయంలో.

'అన్ని వ్యవహారాల్లోనూ' అన్నది గమనించాలి. ఇది పెళ్లి కోసం మాత్రమే పెట్టిన నమాజు కాదు. ప్రయాణానికీ, వ్యాపారానికీ, ఉద్యోగం మారడానికీ ఇదే. మన దగ్గర పెళ్లప్పుడే గుర్తొస్తుంది, అంతే.

ఇది ఫర్జా? చేయకపోతే పాపమా?

ఫర్జ్ కాదు, సున్నత్ (ప్రవక్త చూపిన ఆచరణ). చేయకుండా జరిగిన నికాహ్ (పెళ్లి ఒప్పందం) చెల్లుతుంది, పాపమూ లేదు.

సంబంధం ఏ దశలో ఉన్నప్పుడు చేయాలి?

అందరూ తడబడేది ఇక్కడే. హదీసులో 'తలపెట్టినప్పుడు' అని ఉంది. అంటే మనసులో ఒక పని రూపు దిద్దుకుని ఉండాలి. ఫలానా వ్యక్తి, ఫలానా కుటుంబం, వివరాలు తెలిశాయి, మాట్లాడుకున్నారు, చేసుకుందామా అనే చోటికి వచ్చారు. ఇస్తిఖారాకు తగిన సమయం అది.

ఫోటో చూసిన రోజే చేసేస్తారు కొందరు. అవతలివాళ్ల ఊసే సరిగా తెలియదు, 'ఈ పని' అని దుఆలో చెప్పడానికి చేతిలో పనే లేదు. ఇంకొందరు అన్నీ మాట్లాడుకుని, తేదీ ఖరారు చేసి, బంధువులకు కబురు పెట్టాక చేస్తారు. వద్దనుకునే ధైర్యం ఎవరికీ మిగలదు కాబట్టి అది లాంఛనమే అవుతుంది. విచారణ అయ్యాక, మాట ఇవ్వకముందు చేయడమే సరి.

నమాజు ఎలా చదవాలి?

వుజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకుని, ఇస్తిఖారా సంకల్పంతో రెండు రకాతుల నఫిల్ (ఐచ్ఛిక నమాజు) మామూలుగానే చదవండి. నమాజు ముగింపుగా సలాం తిప్పాక చేతులెత్తి అల్లాహ్‌ను స్తుతించి, ప్రవక్త (స) మీద దరూద్ (ఆయన కోసం చేసే దుఆ) చదివి, కింది దుఆ చేయండి. సలాంకు ముందు, కూర్చుని చదివే అత్తహియ్యాతు తర్వాతైనా దుఆ చేయవచ్చని ఇబ్ను తైమియా వంటి విద్వాంసులు అన్నారు. ఎక్కువమంది సలాం తర్వాతే చేస్తారు.

అల్లాహుమ్మ ఇన్నీ అస్తఖీరుక బి ఇల్మిక, వ అస్తఖ్దిరుక బి ఖుద్రతిక, వ అస్అలుక మిన్ ఫజ్లికల్ అజీమ్. ఫ ఇన్నక తఖ్దిరు వలా అఖ్దిరు, వ తఅలము వలా అఅలము, వ అంత అల్లాముల్ గుయూబ్. అల్లాహుమ్మ ఇన్ కుంత తఅలము అన్న హాజల్ అమ్ర ఖైరుల్లీ ఫీ దీనీ వ మఆషీ వ ఆఖిబతి అమ్రీ, ఫఖ్దుర్‌హు లీ వ యస్సిర్‌హు లీ, సుమ్మ బారిక్ లీ ఫీహి. వ ఇన్ కుంత తఅలము అన్న హాజల్ అమ్ర షర్రుల్లీ ఫీ దీనీ వ మఆషీ వ ఆఖిబతి అమ్రీ, ఫస్రిఫ్‌హు అన్నీ వస్రిఫ్నీ అన్‌హు, వఖ్దుర్ లియల్ ఖైర హైసు కాన, సుమ్మ అర్జినీ బిహి.

తెలుగులో దాని భావం ఇది: "అల్లాహ్! నీ జ్ఞానాన్ని ఆసరా చేసుకుని నీ దగ్గర మేలు కోరుతున్నాను. నీ శక్తి నుంచి శక్తి అడుగుతున్నాను. నీ గొప్ప అనుగ్రహాన్ని అర్థిస్తున్నాను. నీకు చేతనవుతుంది, నాకు చేతకాదు. నీకు తెలుసు, నాకు తెలియదు. కంటికి కనిపించనివన్నీ ఎరిగినవాడివి నువ్వే. అల్లాహ్! ఈ పని నా ధర్మానికీ, నా బతుకుతెరువుకీ, చివరికి నా వ్యవహారం తేలే తీరుకీ మంచిదని నీకు తెలిస్తే, దాన్ని నాకు రాసిపెట్టు, సులువు చెయ్యి, ఆపై అందులో బరకత్ (శుభం) ఇవ్వు. ఈ పని నా ధర్మానికీ, బతుకుతెరువుకీ, చివరి ఫలితానికీ చెడ్డదని నీకు తెలిస్తే, దాన్ని నా నుంచి తప్పించు, నన్ను దాని నుంచి తప్పించు. మేలు ఎక్కడుంటే అక్కడే నాకు రాసిపెట్టు, దానితో నన్ను తృప్తిపరచు."

'ఈ పని' అన్న చోట పేరు చెప్పాలా?

చెప్పవచ్చు, లేదా 'హాజల్ అమ్ర' దగ్గరికి వచ్చినప్పుడు ఆ సంబంధాన్ని మనసులో తలచుకోవచ్చు. హదీసు చివర 'తన అవసరాన్ని పేర్కొనాలి' అని ఉంది.

పెళ్లి కోసమే చెప్పిన ఇంకో హదీసు అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) నుంచి ముస్నద్ అహ్మద్ అనే హదీసు సంకలనంలో ఉంది. దాని సనద్ (ఉల్లేఖకుల గొలుసు) మీద విద్వాంసుల్లో చర్చ ఉంది కానీ, అందులోని క్రమం చూడదగ్గది. ముందు సంబంధం మాట గుట్టుగా ఉంచు, తర్వాత చక్కగా వుజూ చెయ్యి, అల్లాహ్ నీకు రాసిపెట్టినంత నమాజు చదువు, ఆయన్ను స్తుతించు, ఆపై ఆమె పేరు చెప్పి, ఆమెలో నా ధర్మానికీ ఇహానికీ పరానికీ మేలుంటే రాసిపెట్టు, ఇంకొకరిలో అంతకన్నా మేలుంటే వాళ్లను రాసిపెట్టు అని అడుగు. గుట్టుగా ఉంచమన్న ఆ మొదటి మాట మాత్రం బంగారం. పది మందికి చెప్పాక చేసే ఇస్తిఖారాలో, 'వద్దంటే వాళ్లేమనుకుంటారో' అన్న దిగులు కూడా మనతో పాటే సజ్దాలోకి వచ్చి కూర్చుంటుంది.

ఏ సూరాలు చదవాలి?

ఏవైనా. మొదటి రకాతులో కాఫిరూన్, రెండో దానిలో ఇఖ్లాస్ చదవడం మంచిదని విద్వాంసుడైన ఇమామ్ నవవీ సూచించారు. జాబిర్ హదీసులో మాత్రం ఫలానా సూరా అని నిర్దేశం లేదు.

రాత్రి పడుకునే ముందే చేయాలా? చేశాక ఎవరితోనూ మాట్లాడకూడదా?

రెండూ హదీసులో లేవు. పగలు చేసినా ఇస్తిఖారాయే. నఫిల్ నమాజుకు తగని వేళలు తప్పించండి: ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత సూర్యుడు బాగా పైకొచ్చేదాకా, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్ర్ (సాయంత్రపు నమాజు) తర్వాత అస్తమించేదాకా. రాత్రి చివరి జాము దుఆలకు శ్రేష్ఠం కాబట్టి తహజ్జుద్ (రాత్రి చేసే ఐచ్ఛిక నమాజు) వేళ ఎంచుకుంటే మంచిదే. అది నిద్ర కోసమో కల కోసమో కాదు.

నెలసరి రోజులు. అవతలివాళ్లు జవాబు అడుగుతున్నారు. ఏం చేయాలి?

నమాజు లేకుండా దుఆ ఒక్కటే చేయండి. నమాజు చదవడం కుదరనివారు దుఆతోనే ఇస్తిఖారా చేయవచ్చని నవవీ రాశారు. లేదా నాలుగు రోజులు గడువు అడగండి. పెళ్లి మాట మీద నాలుగు రోజులు ఆగలేనివాళ్లు కాస్త ఆలోచించదగ్గవాళ్లే.

అరబీ నోటికి రావడం లేదు.

సలాం తర్వాత కాగితమో ఫోనో చూసి చదవండి. అదీ కష్టమైతే అర్థం తెలుసుకుని తెలుగులోనే అడగండి. ప్రవక్త (స) సూరా నేర్పినట్టు నేర్పారంటే ఆ పదాలకు విలువ ఉంది కాబట్టి మెల్లగా నేర్చుకోవాలి. కానీ ఏం అడుగుతున్నారో తెలియకుండా గబగబా అప్పజెప్పిన అరబీ కన్నా, గొంతు పట్టేసిన తెలుగులో అడిగిందే మిన్న అని నా అభిప్రాయం.

కల వస్తుందా? తెల్లనిది, పచ్చనిది కనిపిస్తే మంచిదనీ, నలుపు, ఎరుపు కనిపిస్తే వద్దనీ అంటారు కదా?

ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. 19వ శతాబ్దపు హనఫీ (ఒక ఇస్లామీ న్యాయ సంప్రదాయం) విద్వాంసుడు ఇబ్ను ఆబిదీన్ దాన్ని తన గ్రంథంలో రాశారు. అయితే హదీసుగా రాయలేదు, పెద్దల నోట విన్నదిగా రాశారు. జాబిర్ హదీసును అక్షరం అక్షరం వెతికినా అందులో కల లేదు, రంగు లేదు, నిద్ర లేదు.

కలలు మూడు రకాలని ప్రవక్త (స) చెప్పారు: అల్లాహ్ నుంచి వచ్చే శుభవార్త, షైతాన్ పెట్టే దిగులు, మనిషి తన మనసుతో తాను మాట్లాడుకునేది. పెళ్లి మాట నడుస్తున్న ఇంట్లో పగలంతా దాని గురించే అనుకుని పడుకున్న మనిషికి రాత్రి వచ్చే కల ఈ మూడింటిలో ఏదో ఎవరు తేలుస్తారు? పాము కనిపించిందని మంచి సంబంధం వదిలేసినవాళ్లూ ఉన్నారు, పచ్చటి తోట కనిపించిందని అబ్బాయి చేసే పని గురించి అడగడమే మానేసినవాళ్లూ ఉన్నారు. మంచి కల వస్తే సంతోషించండి. చెడు కల వస్తే ఎడమవైపు మెల్లగా ఉమ్మినట్టు ఊది, అల్లాహ్ శరణు కోరి, ఎవరికీ చెప్పకుండా పక్కకు తిరిగి పడుకోండి. హదీసు చెప్పింది అదే. సంబంధం మాత్రం కల మీద తేల్చకండి.

మరి జవాబు ఎలా తెలుస్తుంది?

దుఆనే మళ్లీ చదవండి. అందులో 'నాకు తెలియజెయ్యి' అనే మాట ఒక్కసారైనా ఉందా? రాసిపెట్టు, సులువు చెయ్యి, బరకత్ ఇవ్వు, తప్పించు, తృప్తిపరచు. అన్నీ చేసిపెట్టమని అడిగేవే. అంటే జవాబు చెవిలోకి రాదు, పని నడిచే తీరులో వస్తుంది. మీరు చేయాల్సిందల్లా విచారణలో మంచిదని తేలిన వైపు అడుగు వేయడం. మేలైతే దారి తెరుచుకుంటుంది, కాకపోతే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. వాళ్లే వెనక్కి తగ్గవచ్చు, మీకు తెలియని విషయం ఒకటి బయటపడవచ్చు, మీ మనసే మళ్లవచ్చు. 'దాన్ని నా నుంచి తప్పించు, నన్ను దాని నుంచి తప్పించు' అని రెండు వైపులా అడగడం అందుకే. సంబంధం పోయి మనసు మాత్రం అక్కడే ఉండిపోతే అదింకో నరకం కదా.

విద్వాంసుల్లో రెండు పోకడలు ఉన్నాయి. ఇస్తిఖారా తర్వాత మనసు ఎటు విచ్చుకుంటే అటు వెళ్లాలని నవవీ అన్నారు. ఆయన కన్నా ముందుతరం వారైన ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ మాత్రం, చేశాక తనకు తోచినది చేయవచ్చు, జరిగేదే మేలు అన్నారు. నాకు రెండో మాట దుఆ పదాలకు దగ్గరగా అనిపిస్తుంది. మనసు కుదుటపడితే మంచిదే. పడకపోయినా ఇస్తిఖారా వ్యర్థం కాదు.

దారి సులువు కావాలంటున్నారు. చిన్న ఆటంకం వచ్చినా 'వద్దు' అని అర్థమా?

కాదు. వాళ్ల బండి దారిలో ఆగిపోయింది, రావాల్సిన రోజు పెద్దాయనకు జ్వరం వచ్చింది అని సంబంధం వదులుకుంటే అది మళ్లీ పక్షి శకునమే.

నాకు ముందే ఆ వ్యక్తి మీద మనసు పడింది. ఇస్తిఖారాలో 'సరే' అనే అనిపిస్తోంది. నమ్మవచ్చా?

దీన్ని పెద్దలు ఎప్పుడో గమనించారు. బుఖారీకి వ్యాఖ్యానం రాసిన ఇబ్ను హజర్ అస్కలానీ, ఇస్తిఖారాకు ముందే బలమైన కోరిక ఉంటే ఆ తర్వాత కలిగే మొగ్గు మీద ఆధారపడకూడదని రాశారు. ఎందుకంటే అది పాత కోరికే కొత్త బట్ట కట్టుకుని వచ్చి ఉండవచ్చు.

ఇష్టం ఉండటం తప్పు కాదు. ముగీరా బిన్ షుఅబా (రజి) ఒక సంబంధం అడిగినప్పుడు, వెళ్లి ఆమెను చూడు, మీ మధ్య మమత కుదరడానికి అది మంచిది అని ప్రవక్తే (స) చెప్పారు. కానీ 'అడుగుతాను కానీ ఇవ్వాల్సింది ఇదే' అనే పంతంతో కూర్చుంటే అది ఇస్తిఖారా కాదు, సిఫారసు. మనసును కనీసం ఒక రాత్రికైనా తూకం ముల్లులా మధ్యన నిలబెట్టగలిగితే చాలు. అంతకుమించి ఎవరూ చేయలేరు.

ఎన్నిసార్లు చేయాలి? ఏడు రోజులు తప్పనిసరా?

ఒక్కసారి చాలు. తటపటాయింపు పోకపోతే మళ్లీ చేయవచ్చు. దుఆ మళ్లీ మళ్లీ చేయడం మంచిదే కదా. ఏడుసార్లు అనే మాట అనస్ (రజి) పేరిట వచ్చిన ఒక ఉల్లేఖనంలో ఉంది. దాని సనద్ బలహీనం. దాన్ని పేర్కొన్న నవవీయే అందులో తెలియనివారు ఉన్నారని రాశారు.

ఇస్తిఖారా చేస్తే విచారణ అక్కర్లేదా?

ఇస్తిఖారా హదీసు మనకు అందించిన జాబిర్ (రజి) పెళ్లి సంగతే చూడండి. ఆయన అంతకుముందు పెళ్లయిన స్త్రీని చేసుకున్నారు. కన్యను ఎందుకు చేసుకోలేదని ప్రవక్త (స) అడిగితే, 'ఇస్తిఖారాలో అలా వచ్చింది' అని ఆయన అనలేదు. మా నాన్న ఉహుద్‌లో అమరులయ్యారు, తొమ్మిది మంది ఆడపిల్లలను వదిలి వెళ్లారు (ఏడుగురనీ ఒక కథనం), వాళ్లలాంటి చిన్నపిల్లను వాళ్ల మధ్యకు తేవడం నాకిష్టం లేకపోయింది, వాళ్ల తల దువ్వి, బాగోగులు చూసే ఆమె కావాలనుకున్నాను అన్నారు. సరైన పని చేశావని ప్రవక్త (స) మెచ్చుకున్నారు. సూరాలా ఇస్తిఖారా నేర్చుకున్న మనిషి తన పెళ్లికి చెప్పిన కారణం ఇది. ఇంటి పరిస్థితి, బాధ్యతలు, లెక్క. ఇస్తిఖారా ఈ లెక్కను కొట్టేయదు.

ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) ఉదంతం మరో హదీసు సంకలనమైన సహీహ్ ముస్లింలో ఉంది. ఆమెకు రెండు సంబంధాలు వచ్చాయి: ముఆవియా, అబూ జహ్మ్. వచ్చి ప్రవక్త (స) సలహా అడిగారు. అబూ జహ్మ్ భుజం మీంచి కర్ర దించడు, ముఆవియా చేతిలో చిల్లిగవ్వ లేదు, నువ్వు ఉసామాను చేసుకో అన్నారాయన. మొదట ఆమెకు నచ్చలేదు. తర్వాత ఒప్పుకున్నారు. ఆ పెళ్లిలో అల్లాహ్ ఎంత మేలు పెట్టాడంటే, తనను చూసి ఇతరులు ముచ్చటపడ్డారని ఆమే చెప్పుకున్నారు. ఇక్కడ కోపం, డబ్బు రెండూ చర్చకు వచ్చాయి. ఎవరినైనా సలహా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం చాడీ కాదని విద్వాంసులు తీసిన ఆధారాల్లో ఇదొకటి. కాబట్టి మీరు అడిగే ప్రశ్నలు స్పష్టంగా ఉండాలి. కోపం వస్తే ఎలా ఉంటాడు? అప్పులున్నాయా? నమాజు సంగతి? ముందు పెళ్లి ఏమైనా జరిగిందా? ఆరోగ్యం? పెళ్లయ్యాక ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, చదువో ఉద్యోగమో కొనసాగించడం మీద ఏమనుకుంటున్నారు? ఇవి అల్లాహ్ కలలో చెప్పాల్సిన సంగతులు కావు. పక్కింటివాళ్లను, కలిసి పనిచేసినవాళ్లను అడిగితే తెలిసేవే.

సంబంధం అన్ని విధాలా బాగుంది. అయినా చేయాలా?

జైనబ్ బిన్త్ జహష్ (రజి)కి స్వయంగా దైవప్రవక్త (స) నుంచి సంబంధం వచ్చింది. జైద్ (రజి) కబురు తెచ్చారు. ఆమె జవాబు: నా ప్రభువును సంప్రదించనిదే నేనేమీ చేయను. లేచి తన నమాజు చోటికి వెళ్లారు. అంతకన్నా మంచి సంబంధం ఉంటుందా? అయినా ఆమె తన ప్రభువునే ముందు అడిగారు. హదీసు సంకలనకర్త ఇమామ్ నసాయీ ఈ హదీసును, సంబంధం వచ్చినప్పుడు స్త్రీ చేసే నమాజు, ఇస్తిఖారా అనే శీర్షిక కిందే పెట్టారు.

అమ్మానాన్న నా తరఫున చేయవచ్చా? బయటివాళ్లతో చేయించవచ్చా?

హదీసు 'మీలో ఎవరైనా తలపెట్టినప్పుడు' అంటోంది. తలపెట్టినవాళ్లే చేయాలి. దుఆలో 'నా ధర్మం, నా బతుకుతెరువు' అని ఉంది. ఇతరుల తరఫున చేయవచ్చన్న విద్వాంసులూ కొందరు ఉన్నారు. పిల్ల పెళ్లి తలపెట్టిన తల్లిదండ్రులకూ అది ఒక వ్యవహారమే కాబట్టి వాళ్లు తమ వంతుగా చేసుకోవడంలో ఇబ్బంది లేదు. పెళ్లి చేసుకునే మనిషిని మాత్రం అది తప్పించదు.

ఇక పేరూ తల్లి పేరూ పంపితే 'ఇస్తిఖారా తీసి' రెండు రోజుల్లో ఫలితం చెబుతామనీ, ఇంత రుసుము అనీ అనేవాళ్ల సంగతి. అది ఇస్తిఖారా కాదు, జాతకానికి వేసిన ముసుగు. పదిహేను నిమిషాలు కూడా పట్టని రెండు రకాతులకు డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం నాకు ఎప్పటికీ అంతుపట్టదు.

"మేం ఇస్తిఖారా చేశాం, ఈ అబ్బాయినే చేసుకోమని వచ్చింది" అని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారు.

వాళ్ల ఇస్తిఖారా మీ సమ్మతికి బదులు కాదు. ఖన్సా బిన్త్ ఖిజామ్ (రజి) ఇష్టం లేకుండా తండ్రి పెళ్లి చేస్తే, ఆమె ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు, ఆయన ఆ పెళ్లిని రద్దు చేశారు. బుఖారీలో ఉంది. కన్య అయినా, ముందు పెళ్లయిన స్త్రీ అయినా అడగకుండా చేయవద్దని వేరే హదీసులు. మీరు కూడా ఇస్తిఖారా చేసి, మీ అభ్యంతరం ఏమిటో నెమ్మదిగా, కారణాలతో చెప్పండి. పెద్దలు చూడగలిగినవి కొన్ని మనకు కనిపించవన్నదీ నిజమే. వినండి. కానీ 'అల్లాహ్ చెప్పాడు' అనే ముద్ర వేసి తమ ఇష్టాన్ని రుద్దే హక్కు ఎవరికీ లేదు.

ఇద్దరి సంబంధాలు ఒకేసారి వచ్చాయి. ఒకే ఇస్తిఖారాలో ఇద్దరినీ పెట్టవచ్చా?

ముందు విచారించి, సలహా తీసుకుని ఒకరి వైపు మొగ్గండి. ఆ ఒకరి విషయం మీద చేయండి. ఆగిపోతే రెండోవారి విషయంలో మళ్లీ చేయండి.

ఎలాంటి విషయాల్లో ఇస్తిఖారా ఉండదు?

ఫర్జ్ విషయంలో, హరామ్ విషయంలో ఉండదు. ఇద్దత్‌లో (భర్త పోయాక లేదా విడాకుల తర్వాత ఆగాల్సిన గడువు) ఉన్న స్త్రీని చేసుకోవడం, నికాహ్ నిషిద్ధమైన బంధుత్వం లాంటివాటికి ఇస్తిఖారా అడగడం అంటే వద్దన్న దాన్నే మళ్లీ అడగడం. ఇంకొకరి సంబంధం నడుస్తుండగా మధ్యలో వెళ్లి అడగడమూ హదీసు వద్దన్నదే. వాళ్లు వదిలేసేదాకా ఆగాలి.

ఖుర్ఆన్ తెరిచి మొదట కనిపించిన ఆయత్ (వాక్యం) చూడటం, తస్బీహ్ (జపమాల) గింజలు లెక్కించడం?

షియా సంప్రదాయంలో ఆ పద్ధతులు ఉన్నాయి, వాటికి వాళ్ల విద్వాంసులు చెప్పే నియమాలూ ఉన్నాయి. ఈ పేజీ జాబిర్ హదీసు మీద ఆధారపడిన నమాజు గురించే.

ఇస్తిఖారా చేసే పెళ్లి చేసుకున్నాం. కలతలొచ్చాయి, విడాకుల దాకా వెళ్లింది. అప్పుడు తప్పు చేశామా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడు గొంతులోనే తెలిసిపోతుంది అడిగినవారు ఎంత నలిగారో. తొందరపడి జవాబు చెప్పకూడదు.

'మేలు' అంటే కష్టం లేని కాపురం అని దుఆలో ఎక్కడా లేదు. ధర్మం, బతుకుతెరువు, చివరి ఫలితం అనే మూడు కొలతలు ఉన్నాయి. చివరి ఫలితం మధ్యలో కనిపించదు. మీకు నచ్చనిది మీకు మేలు కావచ్చు, మీరు ఇష్టపడేది కీడు కావచ్చు, అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదు అని ఖుర్ఆన్ (2:216) అంటుంది. జైనబ్ (రజి) కూడా అంతకుముందు జైద్ (రజి)తో కాపురం పొసగక విడిపోయినవారే. ఒక పెళ్లి ముగియడం అల్లాహ్ చేయి వదిలేయడానికి గుర్తు కాదు.

ఇంకో మాట కూడా నిజం. ఇస్తిఖారా పెళ్లిరోజు దాకానే తోడొస్తుంది. ఆ తర్వాత భార్యాభర్తలు ఒకరితో ఒకరు నడుచుకునే తీరు వాళ్ల చేతుల్లోది. భర్త చేయి చేసుకుంటుంటే 'ఇస్తిఖారా చేసిన పెళ్లి కదా, ఓర్చుకో' అనడం దారుణం. అలాంటి మాట ఎవరైనా అంటే వినకండి, అండగా నిలిచేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఎంతో కోరుకున్న సంబంధం ఇస్తిఖారా తర్వాత తప్పిపోయింది. మనసు కుదుటపడటం లేదు.

దుఆలోని చివరి వాక్యం మీ కోసమే ఉంది: మేలు ఎక్కడుంటే అక్కడే రాసిపెట్టు, దానితో నన్ను తృప్తిపరచు. తప్పించమని అడిగినప్పుడే తృప్తి కూడా అడిగేశాం. తప్పించడం ఒక్కరోజులో జరుగుతుంది, తృప్తి రావడానికి నెలలు పట్టవచ్చు. బాధపడటం ఈమాన్ (విశ్వాసం) లోపం కాదు. ఆ ఒక్క వాక్యాన్ని విడిగా దుఆగా చేస్తూ ఉండండి.

మాట ఇచ్చేశాం, నికాహ్‌కు ఇంకా సమయం ఉంది. ఈలోగా కొత్త విషయం తెలిసింది. వెనక్కి తగ్గవచ్చా?

నిశ్చయం అనేది మాట ఇవ్వడం, నికాహ్ కాదు. తెలిసింది గాలి కబురా నిజమా అని ముందు తేల్చుకోండి. నిజమైతే పెద్దలతో మాట్లాడి, మళ్లీ ఇస్తిఖారా చేసుకోండి. చిన్న విషయానికి మాట తప్పడం మంచిది కాదు. దాచిన అప్పులు, దాచిన పెళ్లి, వ్యసనం లాంటివైతే నికాహ్ తర్వాత విడిపోవడం కన్నా ముందే ఆగడం ఇద్దరికీ మేలు.

అయితే ఆగేటప్పుడు అసలు కారణాన్ని మర్యాదగా చెప్పండి, చెప్పలేకపోతే 'మాకు కుదరడం లేదు, క్షమించండి' అనండి. 'ఇస్తిఖారాలో వద్దని వచ్చింది' అని మాత్రం అనకండి. ఆ మాట విన్న అమ్మాయో అబ్బాయో తమను అల్లాహ్‌యే కాదన్నాడేమో అనుకుని ఏళ్ల తరబడి కుమిలిపోతారు. మీరు చేసిన దుఆలో వాళ్లు చెడ్డవాళ్లన్న మాటే లేదు. 'నాకు' అనే ఉంది.